మూసిన బడికి ఎనిమిది పేజీలు

ఉద్యోగంలో నేను చేసిన తప్పులు తక్కువేమీ కాదు. ఒక పంపు వాల్వును ఎడమకు తిప్పాల్సిన చోట కుడికి తిప్పమని రాసి ఒక ఫ్యాక్టరీ వాళ్ళ చేత మూడు రోజులు చీవాట్లు తిన్నాను. అలాంటివి ఎవరైనా అడిగితే నవ్వుతూ చెప్పేస్తాను. కానీ ఒక్క తప్పు చేసినందుకు మాత్రం నన్ను మెచ్చుకున్నారు. మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా. అనువాదం పనిలోకి వస్తామంటూ ఈ మధ్య నా దగ్గరికొస్తున్న మీ వయసు పిల్లలకి చెప్పదలుచుకున్నది ఆ తప్పు గురించే. సలహాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి.

నేను జపనీసు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం చేసేదాన్ని. ముప్ఫై ఏళ్ళ పైన అదే పని. తిరువూరు పక్క పల్లెలో పత్తి, మామిడి పండించే ఇంట్లో పుట్టినదానికి జపనీసు ఏంటని మీరు అడుగుతారు. అందరూ అడిగారు. హైదరాబాదులో చదువుతున్నప్పుడు సాయంత్రం క్లాసుల్లో ఫ్రెంచి సీట్లు అయిపోయాయి, జపనీసులో మిగిలాయి. అంతకు మించి గొప్ప కారణం లేదు. చేరాక మాత్రం వదల్లేదు. మొండితనం నాకు పుట్టుకతో వచ్చింది, ముక్కు మీద కోపం దానికి తోడు.

కంపెనీ హైదరాబాదులో, మా ఆయన తిరువూరులో. ఆయన అప్పట్లో ఒక ప్రైవేటు బస్సుకి డ్రైవరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మాది శని, ఆదివారాల కాపురమే. కరోనా వచ్చి అందరినీ ఇళ్ళకి పంపేసినప్పుడు నేను లాప్‌టాప్ పట్టుకుని తిరువూరు వచ్చేశాను. తర్వాత కంపెనీ రమ్మని అడగలేదు, వస్తానని నేనూ అనలేదు. మేడ మీద గదిలో బల్ల వేసుకుని కూర్చుంటే కింద రోడ్డు మీద విజయవాడ బస్సుల హారన్లు, సీజన్లో పత్తి లారీల మోత. ఆ వయసులో మేము కొత్తగా కాపురం పెట్టినట్టయింది. ఆయన కూరలో అంత కారం తింటారని నాకు అప్పుడే తెలిసింది.

రిటైరవడానికి ఏడాది ఉందనగా మా మేనేజరు ఫోన్ చేశాడు. నా దగ్గరే పని నేర్చుకుని నాకే మేనేజరైన మనిషి, అందుకని కొంచెం భయం, కొంచెం చనువు.

"మేడమ్, ఈసారి పంపులు కాదండి. ఒక యూనివర్సిటీ. డెబ్బై ఐదేళ్ళ పండగకి వేసిన వాళ్ళ చరిత్రంట."

"చరిత్ర అంటే ఎన్ని పేజీలు?"

"మీరు కూర్చుని ఉన్నారా మేడమ్?" అన్నాడు.

పుస్తకం నిజంగానే దిండంత లావుంది. జపాన్‌లో ఒక కొండ ప్రాంతపు జిల్లాలో ఉన్న జాతీయ యూనివర్సిటీ అది. పేరు చెప్పను. చెప్పినా మీరు విని ఉండరు. తమ పేరు దేశంలో సగం మందికి తెలియదని వాళ్ళే ముందుమాటలో రాసుకున్నారు, నాకు అక్కడే వాళ్ళ మీద ఇష్టం కలిగింది. యుద్ధం అయిపోయాక, జిల్లాకి ఒక జాతీయ యూనివర్సిటీ ఉండాలని ఆ దేశంలో నిర్ణయించారు. కొత్తగా కట్టే స్తోమత ఎక్కడుంది? అప్పటికే ఉన్న బడుల్ని ఒక పేరు కిందకి చేర్చారు. మగపిల్లల టీచర్ ట్రైనింగ్ బడి ఒకచోట, ఆడపిల్లలది ఇంకోచోట, పట్టుపురుగుల పెంపకం నేర్పే బడి ఒక ఊళ్ళో, యంత్రాలు నేర్పేది మరో ఊళ్ళో. పేరు ఒకటే, కుంపట్లు వేరు. ఒక క్యాంపస్‌లో పాఠం చెప్పిన మాస్టారు రైలెక్కి, రైల్లోనే అన్నం తిని, ఇంకో క్యాంపస్‌లో దిగి పాఠం చెప్పేవారట. జిల్లా అంతా కాళ్ళు చాపుకున్న ఆక్టోపస్ అని జనం ఎగతాళి చేసేవాళ్ళు.

ఆ తర్వాత కథంతా ఆ కాళ్ళని దగ్గరికి లాక్కోవడమే. పెద్ద ఊరి అంచున పొలాలు కొన్నారు. ఒక్కో శాఖనీ అక్కడికి తెచ్చారు. వైద్య కళాశాల కలిసింది. పట్టు పరిశ్రమ తగ్గిపోయాక పట్టుపురుగుల శాఖ బట్టల దారాల పరిశోధనలోకి మళ్ళింది. ఇరవై ఏళ్ళ కిందట ప్రభుత్వం జాతీయ యూనివర్సిటీలన్నిటినీ ఎవరి సంసారం వాళ్ళు చూసుకోమని వేరు చేసేసరికి, చిన్న ఊళ్ళ యూనివర్సిటీలకి ఊపిరాడలేదు. అయినా ఆ జిల్లా బడుల్లో టీచర్లు, ఆస్పత్రుల్లో డాక్టర్లు చాలామంది అక్కడ చదివినవాళ్ళే. వాళ్ళ ఆపిల్ తోటల తెగుళ్ళూ, వాళ్ళ కొండచరియలూ వాళ్ళే చదువుకున్నారు. మన మామిడి తోటలకి తేనెమంచు పురుగు పట్టినప్పుడు అలా మనల్ని ఆనుకుని ఒక యూనివర్సిటీ ఉంటే ఎంత బాగుండేదని చాలాసార్లు అనిపించింది. అది పనికి సంబంధించని ఆలోచన, కానీ ఆ ఏడాదంతా ఆ ఊరు నా ఊరైపోయింది.

ఇంగ్లీషు పుస్తకం జపనీసుదంత లావు ఉండదు. విదేశాల్లో ఉన్న పాత విద్యార్థులకీ, వాళ్ళతో ఒప్పందాలున్న యూనివర్సిటీలకీ పంపడానికి మూడో వంతుకి కుదించాలి. ఏది ఉంచాలి, ఏది తగ్గించాలి అనే మొదటి వడపోత నాదే. ప్రతి గురువారం యూనివర్సిటీ చరిత్ర గది నుంచి ఒకావిడ వీడియోలో మాట్లాడేది. చరిత్ర గది అంటే పాత కాగితాలు సర్దే ఒక చిన్న ఆఫీసు. అందులో ఆవిడ, ఒక బీరువాల వరస, వారానికోసారి వచ్చే ఒక ప్రొఫెసరు గారు. ఆవిడ ఆ మార్చి ఆఖరున రిటైరవుతోంది. నా కంటే ఒక ఏడాది పెద్ద. కాల్ మొదట్లో స్క్రీనుకి దణ్ణం పెట్టేది, చివర్లో నేను ముందు కట్ చేసేదాకా వంగే ఉండేది. నాకు మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత్తర్వాత నేనూ వంగడం నేర్చుకున్నాను. ఇద్దరం అలా వంగి ఉంటే కాల్ తెగేది కాదు.

ఇక నా తప్పు సంగతి.

ఆ పుస్తకంలో నన్ను ఇబ్బంది పెట్టిన విషయం ఒకటుంది. మూసేసినవన్నీ వివరంగా రాశారు. ఫలానా శాఖ మూసేశాం, ఫలానా రోజు ముగింపు సభ జరిపాం, జెండా తిరిగిచ్చింది ఎవరు, ఆఖరిసారి బడి పాట పాడించింది ఎవరు. పండగ పుస్తకంలో ఇదేం గోల అనిపించింది నాకు. మన ఇళ్ళల్లో పద్ధతి మీకు తెలిసిందే. దీపం ఆరిందని అనం, కొండెక్కిందంటాం. బియ్యం అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. బయల్దేరే మనిషి వెళ్తున్నానని అంటే ఇంట్లో పెద్దవాళ్ళు ఊరుకోరు, వెళ్ళొస్తాననాలి. పుట్టినరోజు లాంటి పుస్తకంలో పోయినవాటి పట్టీ నా చేత్తో రాయబుద్ధి కాలేదు. అలాగని అబద్ధం రాస్తున్నానని కూడా అనుకోలేదు. మర్యాద చేస్తున్నానే అనుకున్నాను.

అన్నిట్లోకీ పెద్దది ఆడపిల్లల ట్రైనింగ్ బడి కథ. కొండ దారికి అవతల ఒక చిన్న ఊళ్ళో ఉండేది. యూనివర్సిటీలో కలిశాక కొన్నేళ్ళకి కొత్త పిల్లల్ని చేర్చుకోవడం ఆపేశారు. ఆఖరి జట్టు పంతొమ్మిది మంది అమ్మాయిలు. ఏడాదంతా ఆ పెద్ద కర్ర భవనంలో వాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. అక్కడ బడి ఊడ్చి తుడిచేది పిల్లలే. రెండొందల మంది తుడిచే నడవాలు పంతొమ్మిది మంది రోజూ తుడిచారు, ఒక్క గది కూడా వదలకుండా. చదువు ముగిసిన రోజున ఊరివాళ్ళంతా వచ్చి నిలబడితే, జట్టు నాయకురాలు గేటుకున్న కర్ర బోర్డు మేకులు ఊడదీసి కిందికి దించింది. జపనీసులో ఇది ఎనిమిది పేజీలు. నేను ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను. ఆ బడి కాలక్రమంలో ప్రధాన క్యాంపస్‌కి తరలి వచ్చిందనీ, దాని సంప్రదాయం అక్కడ నేటికీ వర్ధిల్లుతోందనీ.

మా మేనేజరు చదివి మురిసిపోయాడు. "మేడమ్, పెళ్ళి శుభలేఖలా ఉందండి. ఎక్కడా ఒక్క చెడ్డ మాట లేదు" అన్నాడు. చరిత్ర గది ఆవిడకి ఇంగ్లీషు అంతంత మాత్రం. ప్రొఫెసరు గారు తన శాఖ ఉన్న అధ్యాయం శ్రద్ధగా చదివి, మిగతావాటికి సంతకం పెట్టారు. ఫైలు ప్రింటుకి సిద్ధమైంది. మార్చి ఆఖరులోపు పుస్తకం రావాలి, ఆ ఏడాది కేటాయింపు ఆ ఏడాదే వాడాలన్నది అక్కడా నియమమే.

ప్రింటుకి ఇంకా నాలుగు రోజులుందనగా, గురువారం కాకుండా సోమవారం, ఆవిడ కాల్ చేసింది. దణ్ణం పెట్టి చాలాసేపు వంగే ఉంది. లేచాక "నేను సరిగ్గా చూసుకోలేదు, క్షమించాలి" అంది. ఏం జరిగిందో అడిగి అడిగి చెప్పించుకోవాల్సొచ్చింది.

ఆ బోర్డు దించిన నాయకురాలు ఇంకా ఉంది. ఎనభై దాటాయి. కొన్నేళ్ళు టీచరుగా చేసి, పెళ్ళయ్యాక కెనడా వెళ్ళిపోయింది. ఇప్పుడు కూతురు దగ్గర ఉంటోంది. కూతురికి జపనీసు వంటింటి మాటల వరకే వచ్చు, మనవడికి అదీ రాదు. ఈ మధ్య ఆవిడ కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోతోందని డాక్టరుకి చూపించారు. జరగని విషయాలు ఏమైనా జరిగినట్టు చెబుతోందా, చెబితే రాసి తెమ్మన్నాడు డాక్టరు. కూతురు ఒక నోటు పుస్తకం పెట్టింది. చరిత్ర గది ఆవిడ సంతోషపెడదామని ఆ అధ్యాయం ప్రూఫు వాళ్ళకి ముందుగా పంపింది. మనవడు చదివాడు. ఆ బడిని మూసేశారనీ, బోర్డు తనే దించిందనీ వాళ్ళ బామ్మ ఏళ్ళ తరబడి చెబుతోంది. యూనివర్సిటీ వాళ్ళ పుస్తకంలోనేమో బడి తరలి వచ్చిందనీ, వర్ధిల్లుతోందనీ ఉంది.

"నోటు పుస్తకంలో ఇప్పుడు మొదటి విషయం అదేనట" అంది ఆవిడ. "బయటికి ఒంటరిగా పంపడం మానేశారు. వచ్చే వారం మళ్ళీ డాక్టరు."

"మీరు చెప్పకూడదా, నిజంగా జరిగిందని?"

"చెప్పాను. రాసి పంపాను కూడా. ముసలావిడ మనసు కష్టపెట్టకూడదని మేము అలా అంటున్నామనుకున్నారు. వాళ్ళ కూతురు నాకు కృతజ్ఞతలు చెప్పింది. పుస్తకంలో అలా లేదు కదా" అంది.

పేజీలు చాలక కుదించి ఉంటారు, మీరు చేసింది తప్పు కాదు, నేను గమనించాల్సింది అని ఆవిడే నాకు సర్దిచెప్పింది. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాల్ పెట్టేశాక వెంటనే మేనేజరుకి ఫోన్ చేశాను.

"సంతకం వాళ్ళదే కదా మేడమ్" అన్నాడు. "మనంతట మనం తప్పు ఒప్పుకుంటే రేపు కంపెనీకి ఇబ్బందండి. స్థలం లేక కుదించామనే ఉండనివ్వండి. మళ్ళీ వేసినప్పుడు చూద్దాం."

"మరే, చూసుకోవాల్సింది వాళ్ళు" అన్నాను నేను కూడా, గట్టిగానే. సంతకం పెట్టిన ప్రొఫెసరు గారిని, కళ్ళజోడుకే నోటు పుస్తకం పెట్టిన ఆ కూతుర్ని, ఎవరినీ వదలకుండా తిట్టుకున్నాను. నాకు సిగ్గేసినప్పుడు కోపం వస్తుంది. ఈ సంగతి మా ఇంట్లో ఒక్కరికే తెలుసు.

ఆయన అన్నానికి పిలవడానికి పైకొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "ఎవర్ని తిడతన్నావు?"

"ఎవర్నీ లేదు. మీరు తినేయండి."

"నువ్వు రాకపోతే నేనెట్టా తింటాను? ఏంటో చెప్పు."

చెప్పాను. చెబుతూ, అయినా మూసేశాం అని రాస్తే ఏం బాగుంటుంది, తరలించాం అంటే ఎంత గౌరవంగా ఉంటుంది అని వాదించాను. ఆయన మంచం మీద కూర్చున్నారు. ఆయన గబుక్కున ఏదీ అనరు. బస్సు నడిపినన్నాళ్ళూ హారను కూడా తక్కువే కొట్టేవారట.

"మా ఓనరు ఎ.కొండూరు అవతల ఒక ఊరికి ట్రిప్పు ఆపేశాడు గుర్తుందా? నువ్వప్పుడు హైదరాబాదులో ఉన్నావులే. ఆపేశామని ఊళ్ళో చెప్పడానికి ఆయనకి మొహం చెల్లలా. స్టాపులో బోర్డు పెట్టించాడు, రూటు మార్చాం అని. నన్ను కూడా అట్టాగే చెప్పమన్నాడు. నేనూ అట్టాగే చెప్పా."

"చెబితే?"

"రూటు మారింది గానీ బస్సుంది అనుకున్నారు వాళ్ళు. నిలబడ్డారు. వారం తర్వాత వేరే బండిలో అటుపోతా చూశాను. కూరగాయల గంపలు దించుకుని కూర్చునున్నారు ఆడాళ్ళు. ఒకామె నన్ను గుర్తుపట్టి, ఏమయ్యా, ఎటునుంచి వస్తది మన బస్సు అనడిగింది. రాదమ్మా, ఆపేశాం అని అప్పుడైనా చెప్పుండాల్సింది. వస్తదిలే అన్నా. ఆపేశాం అని మొదటి రోజే చెప్తే ఏడ్చి, తిట్టి, ఆటో మాట్లాడుకునేవాళ్ళు. ఆమె మొహం నాకింకా కనపడతది."

ఇన్నేళ్ళలో ఆయన ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నాకు ఆయన మీద జాలేసింది, నన్ను తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఇద్దరం కిందికి వెళ్ళి అన్నం తిన్నాం. ఆయన నా కంచంలో పెరుగు కాస్త ఎక్కువ వేశారు.

ఆ మధ్యాహ్నమే చరిత్ర గదికి నేనే కాల్ చేశాను. మేనేజరుకి చెప్పలేదు, తర్వాత చెప్పి తిట్లు తిన్నాను. "పేజీలు చాలక కాదండి" అన్నాను ఆవిడతో. "మూసేశారు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. కావాలనే తీసేశాను. మీ తనిఖీలో లోపం లేదు, తప్పు నాది." కొండెక్కడం, నిండుకోవడం, వెళ్ళొస్తాననడం అన్నీ చెప్పుకొచ్చాను. జపనీసులో ఇవన్నీ చెప్పడం ఎంత కష్టమో, నా వయసులో సంజాయిషీ ఇచ్చుకోవడం అంత కష్టమైంది.

ఆవిడ శ్రద్ధగా విని, "మంచి పద్ధతి" అంది. నిజంగానే అంది, వెటకారం ఆవిడకి రాదు. "మా దగ్గర మూసేటప్పుడు అందరూ వచ్చి నిలబడాలి. అప్పుడే అక్కడ చదివినవాళ్ళు ఇంటికి వెళ్ళగలరు." తర్వాత మెల్లగా చెప్పింది. "నాది ఆ ఊరే. ఒకటో తరగతిలో నాకు అక్షరాలు దిద్దించింది ఆ బోర్డు దించిన టీచరే."

ఏడాదిగా ప్రతి గురువారం మాట్లాడుతున్నాం. ఆ ఎనిమిది పేజీలూ జపనీసు పుస్తకంలో ఉండాలని కమిటీతో ఎన్ని సమావేశాలు పోరాడిందో అప్పుడు చెప్పింది, అదీ నేను అడిగితే. అలాంటి పేజీల మీద నేను మూడు వాక్యాల ముసుగు కప్పాను. నాకు ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు.

పని మొదలుపెట్టాం. మా ఆయన ఆ బుధవారం, పక్కనే ఉన్న నెమలి ఊరి గుడికి వెళ్దామని ఎప్పట్నుంచో అనుకుంటున్నారు, ఆటో కూడా మాట్లాడారు. మానుకుని, ఆ రెండు రోజులూ వంట తనే చేశారు, కారంతో సహా. నేను ఆ ఎనిమిది పేజీలూ ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో రాశాను. నడవాలు తుడవడం, చలికాలంలో నీళ్ళ బకెట్లో చేతులు కొంకర్లు పోవడం, మేకు తుప్పు పట్టి ఊడకపోతే ఊరి వడ్రంగి సుత్తి అందించడం. రాస్తుంటే ఒక విషయం తెలిసింది. అందులో ఎక్కడా అశుభం లేదు. పంతొమ్మిది మంది పిల్లలు ఒక ఇంటిని శుభ్రంగా తుడిచి అప్పగించారు, అంతే.

చిక్కు పేజీల దగ్గర వచ్చింది. పుస్తకం పేజీల లెక్క ఖాయమైపోయింది, ఒక్కటి కూడా పెంచడానికి లేదు. వర్ధిల్లుతోంది, వెలుగొందుతోంది అని నేను అల్లిన కబుర్లన్నీ పీకేస్తే ఆరు పేజీలు వచ్చాయి. అన్ని కబుర్లు రాశానా అని నాకే ఆశ్చర్యమేసింది. ఇంకో రెండు కావాలి. పెద్దవాళ్ళ సందేశాలు ముట్టుకోవడానికి లేదు. ప్రొఫెసరు గారి శాఖ జోలికి వెళ్ళడానికి అసలే లేదు.

"చివర్లో రెండు పేజీలున్నాయి" అంది ఆవిడ.

ఆ రెండు పేజీలు ఆవిడవి. ఇంగ్లీషు పుస్తకానికి చివరిమాట చరిత్ర గది తరఫున ఆవిడ రాసింది. నలభై ఏళ్ళ గుమాస్తా ఉద్యోగంలో, అన్ని వేల పేజీలు సర్దిన మనిషి పేరు అచ్చులో పడే చోటు అదొక్కటే. అనువాదం నేనే చేశాను కాబట్టి అందులో ఎంత కష్టపడి, ఎంత జాగ్రత్తగా ఒక్కో మాట పెట్టిందో నాకు తెలుసు.

"అది వద్దండి" అన్నాను. "ఇంకేదైనా వెతుకుదాం. ఒక రాత్రి టైమివ్వండి."

"టీచరుకి వచ్చే వారం డాక్టరు" అంది. "నేను రిటైరయ్యే రోజున ఆఫీసులో పూలు ఇస్తారు, నాకు అది చాలు." నేను ఇంకా ఏదో అనబోతుంటే, మొదటిసారి నా మాటకి అడ్డొచ్చింది. "తీసేయండి. తీసేశారని మాత్రం మీకు గుర్తుంటే చాలు."

తీసేశాను. నా ఉద్యోగంలో నేను కొట్టేసిన పేజీల్లో ఆ రెండూ నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందురోజు మనవడు కాల్ పెట్టమని అడిగాడట. చరిత్ర గది ఆవిడ నన్నూ ఉండమంది, అటు ఇంగ్లీషు, ఇటు జపనీసు చెప్పడానికి. మాకు పొద్దున్న ఏడు, వాళ్ళకి ముందురోజు సాయంత్రం. స్క్రీను మీద మూడు గళ్ళు. ఒకదాంట్లో నేను, వెనక తలుపు దగ్గర కాఫీ గ్లాసుతో మా ఆయన. ఒకదాంట్లో చరిత్ర గది ఆవిడ, ఎప్పటికంటే నిటారుగా కూర్చుని ఉంది, ఒకటో తరగతి పిల్లలాగే. మూడోదాంట్లో సోఫాలో సన్నగా, పొట్టి జుట్టుతో టీచరు గారు, పక్కన పొడుగ్గా ఇరవై ఏళ్ళు దాటిన మనవడు. కూతురు వెనకెక్కడో నిలబడి ఉంది, చేతిలో ఆ నోటు పుస్తకం.

కుర్రాడు కొత్త పేజీలు ముందే చదివాడు కానీ, బామ్మ ముందు మళ్ళీ పైకి చదువుతానన్నాడు. ఆవిడకి ఆ ఇంగ్లీషు పూర్తిగా అందదు. వాడి మొహమే చూస్తూ కూర్చుంది. నడవాలు తుడవడం చదివాడు. ఊరివాళ్ళు వచ్చి నిలబడటం చదివాడు. బడి ఆ రోజుతో మూసేశారు అన్న వాక్యం దగ్గర గొంతు కాస్త తగ్గించాడు. తుప్పు పట్టిన మేకు, వడ్రంగి సుత్తి, బోర్డు కిందికి దించడం. అక్కడ ఆగిపోయాడు.

నేను భయపడ్డాను. ఇప్పుడు "బామ్మా, ఇది నిజమేనా?" అని అడుగుతాడు, ఆ ప్రశ్న నేను జపనీసులో ఆవిడకి చెప్పాలి. ఆ ఒక్క మాట నా నోటి మీదుగా వెళ్ళకూడదని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

వాడు తల తిప్పి బామ్మని అడిగాడు. "ఆ బోర్డు బరువుగా ఉందా?"

వెనక కూతురు నోటు పుస్తకం మూసి సోఫా మీద పెట్టడం నాకు కనబడింది. నేను ప్రశ్నని జపనీసులో చెప్పాను. టీచరు గారు రెండు చేతులూ ఒళ్ళోంచి ఎత్తి, అరచేతులు పైకి పెట్టి, వాటి వంక చూసుకుంది.

"తేలిగ్గా ఉంది" అంది. "అంత తేలిగ్గా ఉంటుందనుకోలేదు. అందుకే ఏడ్చాను."

ఆ మాటని నేను ఇంగ్లీషులో చెప్పాలి. అందరూ నా వైపే చూస్తున్నారు. చివర ఒక మంచి మాట తగిలిద్దామని నాలుక దాకా వచ్చింది. మింగేసి, ఆవిడ ఎంత చెప్పిందో అంతే చెప్పాను. ఏడ్చాను అన్నదీ చెప్పాను. కుర్రాడు ఆ పేజీలు పక్కన పెట్టి, పైకెత్తి ఉన్న ఆ రెండు చేతుల కింద తన చేతులు పెట్టాడు.